బొంబాయి చదువూ మా ఇంటి మూరకర్రా

ఆ కబురు నాకు మొదట తెచ్చినవాడు నౌపడ నుంచి ఉప్పు బండి తోలుకొచ్చే ముసలాయన. నెలకోసారి మా ఊరి మీదుగా వెళ్ళేవాడు. దారిలో పలాస తపాలా కచేరీ దగ్గర ఆగి, మా ఊరి ఉత్తరాలేవైనా ఉంటే అడిగి తెచ్చి, ఉప్పు కొలిచి ఇచ్చేటప్పుడు ఇచ్చేవాడు. ఆ రోజు మాత్రం ఉప్పు కంటే ముందు కవరే తీశాడు.

"తల్లీ, మీ మరిదికి బొంబాయి నుంచి కాయితం. టపా బాబు పైన సదివి సెప్పినాడు. ఏదో పెద్ద బడంట."

"లోపలేటుందో సెప్పినాడేటి?"

"లోపల సూడకూడదంట, సర్కారు రూలు. కానీ బరువుగా ఉంది. 'నువ్వు రానక్కర్లేదు' అని సెప్పడానికి ఇంత బరువేటికి తల్లీ?"

ఆ మాటకే నా ప్రాణం సగం కుదుటపడింది. ఆయనకు ఒక చెంబు మజ్జిగ ఇచ్చి, కవరు తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టాను. నాకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. మా నాన్న సోంపేట దగ్గర ఒక పల్లెలో అరుగు మీద పిల్లలకు చదువు చెప్పేవాడు. ఆ అరుగు ఆడపిల్లలు ఎక్కేవారు కారు. నేను తలుపు వారన కూర్చుని బియ్యం ఏరుతూ వినేదాన్ని. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక నాన్న నన్ను పిలిచి, ఆ రోజు మగపిల్లలు తప్పు చదివినవన్నీ నాచేత ఒప్పు చదివించేవాడు. నా చదువు అంతే. అదైనా అబ్బినందుకు ఈనాటికీ పొద్దున లేవగానే ఆయనకు ఒక దణ్ణం పెట్టుకుంటాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మా మరిదికి అయిదేళ్ళు. వాడి తల్లి, అంటే మా అత్త, నేను రావడానికి మూడేళ్ళ ముందే పోయింది. నేను ఆవిణ్ణి చూడలేదు, వాడికి గుర్తు లేదు. వాడికి అన్నం కలిపి పెట్టిందీ, ఇసకలో వేలు పట్టి అక్షరాలు దిద్దించిందీ నేనే. అక్షరం దిద్దమంటే దాని పక్కన ఒక ఇల్లు గీసేవాడు. ఇంటికి తలుపు, తలుపుకి గడియ, గడియకి తాళం. తాళంచెవి ఎక్కడరా అంటే, నీ కొంగున ఉంది ఒదినా అనేవాడు.

అలాంటివాడు టెక్కలి పెద్ద బడిలో చదువు ముగించాడు. అక్కడ డ్రాయింగు మేస్టారు వాడి గీతలు చూసి రెండు చోట్లకు అర్జీలు పెట్టించాడు. ఒకటి మద్రాసు, ఓవర్సీరు చదువు. రెండోది బొంబాయి, ఆర్కిటెక్టు చదువు. ఆ మేస్టారికి తెలిసినంతలో ఆ రెండో చదువు మన మద్రాసు రాజధానిలో, అంటే తెల్లవాళ్ళ నాటి మన రాష్ట్రంలో, లేదు.

ఆ రెంటికీ తేడా ఏమిటని అడిగితే వాడు ఒక్క మాట చెప్పాడు. "ఇంకొకలు గీసింది ఓవర్సీరు కట్టిత్తాడు ఒదినా. నాకు గీయాలనుంది."

మద్రాసు జవాబు అంతకు ముందే వచ్చింది. సీటు ఉంది, రెండేళ్ళ చదువు, మన రాజధాని పిల్లవాడు కనక జీతం తక్కువ. జీతమంటే ఆ రోజుల్లో బడికి మనం కట్టేది. ఇక తేలవలసింది బొంబాయి సంగతి. ఆ కవరు శనివారం దాకా గూట్లోనే ఉంది. శనివారం సాయంత్రం వాడు ఆఖరి పరీక్ష రాసి టెక్కలి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద దాన్ని విప్పాడు. నేనూ మా ఆయనా ఎదురుగా కూర్చున్నాం.

మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని, రెండిళ్ళకూ మధ్య గోడ ఒక్కటే ఉంటుంది. పక్కింటాయన మా ఆయనకు బావ వరస, నాకు అన్న వరస. మా ఇంట్లో మాటలు ఆయన చెవిన పడకుండా ఎన్నడూ లేవు. ఆ రోజు మరింత వీలుగా తన అరుగు చివరకు జరిగి కూర్చున్నాడు.

మరిది మొదటి కాగితం చదివి, "సీటిచ్చినారు," అన్నాడు. రెండో కాగితం సగం చదివి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు.

"ఏటయింది?" అన్నారు మా ఆయన.

"బొంబాయి రాజధాని వోళ్ళకి జీతం ఒకలాగ, బయట రాజధాని వోళ్ళకి దానికి రెట్టింపు. ముందుగా పూచీ కింద కొంత కట్టాల. అయిదేళ్ళు."

గోడవతల నుంచి బావ అందుకున్నాడు. "ఇల్లు గీయడానికి అయిదేళ్ళేటిరా? మా పాక మా అయ్య మూడ్రోజుల్లో ఏసీసినాడు."

"అందుకే బావా, మొన్న గాలివానకి మూడు నిమసాల్లో ఎగిరిపోనాది," అన్నాడు మరిది. కాగితం మీద నుంచి కళ్ళు మాత్రం ఎత్తలేదు.

మర్నాడు నేను ఒక కాగితం తీసుకుని మధ్యకు మడిచి, ఒక పక్క మద్రాసు, ఒక పక్క బొంబాయి అని రాశాను. వాడు ఇంగ్లీషులోంచి చెబుతుంటే నేను తెలుగులో దించుకున్నాను. మద్రాసు వైపు అన్నీ తేలికగా కుదిరాయి. రెండేళ్ళు, తక్కువ జీతం, అయిపోగానే సర్కారు కొలువు. బొంబాయి వైపు ఒక్కొక్కటి రాసేకొద్దీ కాగితం ఆ పక్కకే బరువెక్కింది. అక్కడి వాళ్ళంతే కడితే ఎలాగో తట్టుకోగలం. రెట్టింపు కట్టాలంటే, ఏడాదికి మా తోటలో మూడు కోతల కాయ ఒక్క జీతానికే పోతుంది. రైలు, భోజనం, గీసే సామాను వేరే. అయిదేళ్ళయ్యాక కొలువు ఎవరిస్తారో ఆ కాగితాల్లో లేదు. వాడికి దేని మీద మనసుందో కూడా రాయాలనుకున్నాను గాని, దాన్ని ఏ వైపు ఎంతని వెయ్యాలో తెలియక వదిలేశాను.

కాగితం చూపించకుండానే మా ఆయన అన్నారు, "సముద్రం వేపు తోట అమ్మీద్దాం."

ఆ కొబ్బరితోట మా మామగారు రంగూను వెళ్ళి కూలి చేసి సంపాదించిన డబ్బుతో కొన్నది. మొక్కలు ఆయనే వేశారు. ఇంటికి తిండి పెడుతున్నది అదే. ఊరి వైపు జీడితోటలో చెట్లు గాలివానకు సగం పడిపోయి, వేసిన మొక్కలు ఇంకా మోకాలెత్తున ఉన్నాయి.

"అమ్మీత్తే మనమేటి తింటాం అన్నయ్యా?" అన్నాడు మరిది. "నాను మద్రాసెల్తాను. ఓవర్సీరయితే ఏటి తక్కువ?"

"ఏటి తక్కువో నీ మొగమే సెప్తంది," అన్నారు ఆయన.

తోట పోతుందన్న భయం నాదే, వాడు బొంబాయి వెళ్ళాలన్న కోరికా నాదే. రెండూ ఒకే గుండెలో పెట్టుకుని అన్నం వడ్డించాను. ఆ వారంలోనే ఇచ్ఛాపురం నుంచి ఒక కొబ్బరి వర్తకుడు వచ్చి తోట చూసి వెళ్ళాడు. ఇంట్లో ఒరియా, బయట తెలుగు మాట్లాడే మనిషి, మర్యాదస్తుడు. వైశాఖ పున్నమి దాటాక బయానా పట్టుకొస్తానని చెప్పాడు.

వైశాఖం ఇంకా రాకముందే మరిది ఆ కాగితాలు మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక సంగతి ఉంది. బయట రాజధానుల నుంచి వచ్చేవాళ్ళలో ఇద్దరికి మాత్రం ఆ రెట్టింపు మాఫీ చేసి, అక్కడివాళ్ళు కట్టే జీతమే తీసుకుంటారు. దానికి తమ ప్రాంతపు పాత ఇల్లొకటి స్వయంగా కొలిచి, అడుగులు అంగుళాలు వేసి పటం గీసి పంపాలి. కొలతలు నిజమని బడి పెద్ద సంతకం ఉండాలి. నెల రోజులు గడువు.

"మనిల్లే గీత్తాను ఒదినా," అన్నాడు. ఆ మాట అన్నప్పటి మొహం చూసి నేను ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

మా వైపు ఇల్లు కట్టేటప్పుడు ఒక ఆచారం ఉంది. వడ్రంగి మొదట ఒక మూరకర్ర కోస్తాడు. ఆ ఇల్లంతా, దూలాలూ ద్వారాలూ గదులూ, ఆ కర్రతోనే కొలుస్తాడు. ఇల్లు అయిపోయాక ఆ కర్రను చూరు కింద వాసాల సందులో దోపి ఉంచుతారు. తరవాత ఎప్పుడు మరమ్మతు చేసినా దాన్నే తీసి కొలవాలి; వేరే కొలత ఆ ఇంటికి పనికిరాదంటారు. మా ఇంటి కర్ర కూడా పొగచూరి నల్లగా వాసాల్లో ఉండేది. నేను పండగకు బూజు దులిపినప్పుడు దాన్ని కూడా తుడిచి మళ్ళీ పెట్టేదాన్ని.

మరిది ఆ కర్ర తీసి ఇల్లంతా కొలిచాడు. నేను వాడు చెప్పిన లెక్క పలక మీద వేశాను. వీధి అరుగు నుంచి పెరటి గోడ దాకా ముప్పై మూరలు. పెరటి ద్వారం ఎత్తు నాలుగు మూరలు. ఇంటి కొప్పు, అంటే పైకప్పు శిఖరం, ఎత్తు మాత్రం కర్రకు అందక, పెంకుల వరసలు లెక్కపెట్టి అందాజుగా వేసుకున్నాడు. బడి లెక్కల్లో మూర అంటే అడుగున్నర. అంటే పద్దెనిమిది అంగుళాలు. అలా గుణించి ఇల్లు నలభై అయిదు అడుగులని వేసి, చక్కగా సిరాతో గీశాడు. అంత అందమైన పటం నేను అంతకు ముందు చూడలేదు. నా పొయ్యి, నా తులసికోట, నా నీళ్ళ కుండలు పెట్టే గట్టు, అన్నీ పైనుంచి పక్షి చూసినట్టు అందులో ఉన్నాయి. టెక్కలి బడి పెద్ద సంతకం చేశాడు. పటం గొట్టంలో చుట్టి పలాసలో రిజిస్టరు చేసి పంపాం.

మేము చేసిన తప్పు వారం తిరగకుండానే బయటపడింది.

పెరటి తలుపుకు చెద పట్టి చాలా కాలమైంది. ఇంటి కొలతలు ఎలాగూ కాగితం మీద ఉన్నాయి కదా అని మా ఆయన పలాసలో రంపం పనివాళ్ళకు ఆరడుగుల ఎత్తు తలుపు చెప్పి వచ్చారు. బండి మీద తలుపు వచ్చింది. ఎత్తి పెట్టి చూస్తే ద్వారం కంటే ఎనిమిది అంగుళాలు ఎక్కువ.

పక్కింటి బావ పెరటి గోడ మీద చేతులు పెట్టుకుని తీరిగ్గా చూశాడు. "మంచి తలుపే సెల్లీ. ఇంక దీనికి సరిపడే ఇల్లొకటి కట్టించుకోండి."

మా ఆయన రంపం వాళ్ళను తిట్టారు. మరిది తన బడి స్కేలు తెచ్చి తలుపు కొలిచాడు. సరిగ్గా ఆరడుగులు. ద్వారం కొలిచాడు. అయిదడుగుల నాలుగంగుళాలు. రెండోసారి కొలిచాడు. స్కేలు చేతిలో పట్టుకుని అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయాడు.

నేను వెళ్ళి వడ్రంగి తాతను పిలుచుకొచ్చాను. ఈ ఇంటికి కర్రపని చేసింది ఆయనే. అప్పటికి బాగా ముసలివాడు, మోకాళ్ళు పట్టేసి కర్ర ఊతంతో నడిచేవాడు. తలుపు చూశాడు, ద్వారం చూశాడు, మూరకర్ర చేతిలోకి తీసుకున్నాడు.

"దీనితో కొలిసినావా?"

"దాంతోనే తాతా."

"మరి మూరకెన్నేసినావు?"

"పద్దెనిమిదంగులాలు."

"అలాగని ఎవుడు సెప్పినాడు?"

"లెక్కల పుస్తకంలో ఉంది."

"మీ యమ్మ ఆ పుస్తకం సదవలేదు నాయినా," అన్నాడు తాత.

తరవాత ఆయన మెల్లగా అరుగు మీద చేరగిలబడి చెప్పాడు. మూరకర్ర ఇంటి యజమాని చేతిని బట్టి కొయ్యాలి, మోచెయ్యి నుంచి నడిమివేలి కొస దాకా. ఈ ఇల్లు మొదలుపెట్టినప్పుడు మా మామగారు రంగూనులో ఉన్నారు. డబ్బు పంపేవారు, మనిషి రాలేదు.

"డబ్బయితే ఉత్తరంలో వత్తాది. సెయ్యి ఎలాగొత్తాది? మీ యమ్మనడిగినాను. 'ఈ ఇంట్లో ఉండేది నాను, నా సెయ్యి కొలుసుకో మావా' అన్నాది. పొట్టి మనిషి. నా బుజం కాడికి వచ్చీది. కాని ఇటిక మోసినప్పుడు మాత్రం మగోళ్ళకి తీసిపోనేదు. ఈ కర్ర మీ యమ్మ సెయ్యి."

మరిది స్కేలు పెట్టి కర్ర కొలిచాడు. పదహారు అంగుళాలు. కొలిచాక తన చెయ్యి దాని పక్కన ఆనించాడు. వాడి వేళ్ళు కర్ర దాటి ముందుకు వెళ్ళాయి. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తల్లి ఎంత మనిషో వాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేను చూడలేదు కనక చెప్పలేకపోయాను. మా ఆయన మగమనిషి, అలాంటివి చెప్పాలని ఆయనకు తట్టదు.

నాకూ ఆ క్షణంలో ఒకటి తెలిసింది. పన్నెండేళ్ళు నేను గుమ్మాల్లో తల వంచకుండా నడిచాను, గూటికి దీపం ఎత్తి పెట్టడానికి మునివేళ్ళ మీద లేవలేదు. ఆ ఇల్లు నాకు సరిపోయింది, ఎందుకంటే అది ఒక ఆడమనిషి చేతికి కట్టిన ఇల్లు. చూడని అత్తకు అక్కడే మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

కాని పటం అప్పటికే బొంబాయిలో ఉంది. అందులో మా నలభై అడుగుల ఇల్లు నలభై అయిదు అడుగులుగా ఉంది. దాని కింద, కొలతలు నిజం అని బడి పెద్ద సంతకం ఉంది.

మా ఆయన తేల్చేశారు. "ఊరుకోండి. బొంబాయి నుంచి మనింటికొచ్చి కొలుత్తాడేటి ఎవుడైనా?"

"కొలవరు," అన్నాను. ఆయన మాటకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు, అందుకే మెల్లగా అన్నాను. "కానీ ఈడు ఇళ్ళు గీసే పనికే ఎల్తన్నాడు కదండీ. మొట్టమొదటి ఇల్లే తప్పని తెలిసీ ఊరుకుంటే ఎలాగ?"

"తప్పని రాత్తే మాఫీ పోద్ది. మాఫీ పోతే తోట పోద్ది. తోట అమ్మనివ్వకపోతే ఈడు మద్రాసెల్లాల. అది సూసుకుని మాటాడు."

అది చూసుకునే మాట్లాడాను. గూటి ముందు కూర్చుని, స్వామీ అప్పన్నా, ఇదివ్వు అదివ్వు అని అడగడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆ పూట కూడా అడగలేదు. వాడికి సరైన మాట తోచనివ్వు అని మాత్రం అనుకున్నాను.

వాడు లోపలికి వచ్చి, "కాయితం ఉందేటి ఒదినా?" అన్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి కాగితం ఇచ్చాను. తను రాసింది తెలుగులో నాకు చెప్పాడు. మా పటంలో కొలతలన్నీ తప్పు. మా ఊళ్ళో ఇంటికి ఒక మూర ఉంటుంది. ఈ ఇంటి మూర మా అమ్మ చెయ్యి. అది పదహారు అంగుళాలని నాకు ఇప్పుడే తెలిసింది. సంతకం చేసిన మా బడి పెద్ద తప్పు ఏమీ లేదు. గడువు లోపల సరిచేసిన పటం పంపుతాను, మీరు చూస్తారో లేదో మీ దయ.

గడువుకు తొమ్మిది రోజులు ఉంది. వాడు స్కేలుతో ఇల్లంతా మళ్ళీ కొలిచి కొత్త పటం మొదలుపెట్టాడు. చివరకు కొప్పు దగ్గర ఆగాడు. మొదటిసారి వేసింది అందాజు కదా. ఈసారి అందాజు వెయ్యనన్నాడు. కొప్పు దూలం రెండిళ్ళ మీదా ఒక్కటే సాగి ఉంటుంది. మా వైపు అటక లేదు కనక దాన్ని చేరాలంటే బావగారి అటక మీదుగా పాకాలి. వాసాలు పాతవి, ఏది మనిషి బరువు ఆపుతుందో, ఏది ఆపదో పైకి తెలియదు.

"నువ్వు ఎక్కకు," అన్నాడు వడ్రంగి తాత. "ఏది ఏసినానో నాకెరిక."

"నీ మోకాళ్ళు తాతా," అన్నాను నేను.

"మోకాళ్ళకేటి తల్లీ, కిందున్నా నొప్పే, మీదున్నా నొప్పే."

పట్టపగలు, ఎండ మండుతుండగా, ఆ ముసలాయన నిచ్చెన ఎక్కాడు. ఒక్కొక్క మెట్టు మీదా ఆగి ఊపిరి తీసుకున్నాడు. పక్కింటి బావ, జీవితంలో ఒక్కసారి హాస్యమాడకుండా, నిచ్చెన రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. మరిది అటక అంచున ఉండి స్కేలుతో గుర్తులు వేసిన తాడు అందించాడు. తాత వాసం మీద వాసం తట్టి చూస్తూ, కడుపు మీద పాకుతూ వెళ్ళి కొప్పు నుంచి తాడు వదిలాడు. కింద నేను నడిమింట్లో తాడు కొస నేలకు ఆనించి పట్టుకున్నాను. పైనుంచి మసి, పాత పెంకుల పొడి నా తల మీద రాలాయి. "అందినాదా తల్లీ?" అని ఆయన అడగడం, "అందినాది తాతా," అని నేను చెప్పడం, ఆ రెండు మాటలూ నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

ఆయన దిగడానికి ఎక్కినదానికి రెండింతలు పట్టింది. దిగి, నీళ్ళు తాగి, ఏమీ కానట్టు ఇంటికి పోయాడు. మర్నాటి నుంచి మంచం దిగలేదు. నెల పైన అలాగే ఉన్నాడు. నేను రోజూ గంజి, ఆముదం కాచి తీసుకెళ్ళేదాన్ని. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "నా ఇల్లు నాను సరిగ్గా సెప్పుకోడానికి నువ్వు కూలిత్తావేటి?" అన్నాడు.

కొత్త పటం వెళ్ళింది. దాని వెనక రోజులు చాలా నెమ్మదిగా నడిచాయి. వైశాఖ పున్నమి దాటింది. ఇచ్ఛాపురం వర్తకుడు బయానా డబ్బు పట్టుకుని వచ్చాడు. మా ఆయన నా మొహం చూసి, ఇంకో పది రోజులు ఆగమని బతిమాలారు. ఆ వర్తకుడు మంచి మనిషి కనక ఆగాడు. ఆ పది రోజులూ నేను సముద్రం వైపు తోటకు వెళ్ళి ఊరికే చెట్ల మధ్య తిరిగాను. జీడిపళ్ళు రాలి, ఊరంతా ఆ పులుపు వాసన కొట్టే రోజులు. ఒక చెట్టు మొదట్లో కూర్చుని, పోయినా ఇన్నాళ్ళు తిండి పెట్టావు, నీ రుణం మరవను అని దానితో చెప్పుకున్నాను. పోకముందే వీడ్కోలు చెప్పేశానన్నమాట.

ఎనిమిదో రోజున మరిది పలాస వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి నేను పెరట్లో జీడిగింజలు ఎండబోస్తున్నాను. వాడు పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను గింజలు సర్దుతూనే ఉన్నాను.

"ఒదినా," అన్నాడు. "తోట అమ్మక్కర్లేదు."

నేను గింజల పక్కనే కూర్చుండిపోయాను. ఏడవలేదు. మా ఆయన తోట నుంచి వచ్చేదాకా ఇద్దరం ఆ ఎండలోనే కూర్చున్నాం.

ఉత్తరం నాలుగు వరసలే ఉంది. సవరించిన పటం అందింది. బయటివారి రెట్టింపు మాఫీ. పూచీ సొమ్ముతో ఫలానా తేదీకి హాజరు కావాలి. ఆ మూరకర్ర పొడవును పటం మీద ఒక మూల గీతగా చూపి మరొక నకలు తెస్తే పాఠశాలలో ఉంచుతాము. మెచ్చుకోలు మాట ఒక్కటి లేదు, తప్పు పట్టిన మాటా లేదు. నాకు అదే నచ్చింది.

ఖర్చు పూర్తిగా తప్పిందని కాదు. పూచీ సొమ్ముకూ రైలుకూ జీడితోట రెండేళ్ళు కౌలుకిచ్చాం. వాడి భోజనానికి నెలనెలా పంపడం కష్టంగానే నడిచింది. కాని అది మోయగలిగిన బరువు. ఇచ్ఛాపురం ఆయనకు సంగతి చెప్పి, క్షమించమని అడిగి, ఒక గెల కాయలు బండిలో వేశాం. ఆయన నవ్వి, మరిదిని దీవించి వెళ్ళాడు. పక్కింటి బావ మాత్రం గోడవతల నుంచి, "అంతా బాగానే ఉంది గాని, ఆ ఆరడుగుల తలుపేటి సేత్తారు?" అన్నాడు. తోటలో కాయలు పోసే కొబ్బరిపాకకు పెట్టాం. అక్కడ సరిగ్గా సరిపోయింది.

ఆ సాయంత్రం దీపం పెట్టి, చాలా రోజుల తరవాత కడుపు నిండా అన్నం తిన్నాను. తరవాత వెళ్ళి తాతతో చెప్పాను. మంచం మీద నుంచే విన్నాడు. "బొంబాయోళ్ళు కొప్పు ఎత్తు ఒప్పుకున్నారన్నమాట," అన్నాడు. ఆయనకు కావలసింది అదే.

మరిది బయలుదేరినప్పుడు తాత లేచి నడవగలిగాడు గాని, మళ్ళీ ఉలి పట్టలేదు. వాడి చదువు రెండో ఏట ఆయన పోయాడు. వాడు గీసిన ఇళ్ళు చాలా ఊళ్ళలో లేచాయి. వాడి పేరు వాటి కాగితాల మీద ఉంటుంది. తాత పేరు ఏ కాగితం మీదా లేదు. మా ఇంటి పటం మీద కూడా లేదు, రాయాలని అప్పుడు మాకు తోచలేదు. ఆ తప్పును స్కేలు పెట్టి సరిచేసే వీలు ఇప్పుడు లేదు. అందుకే ఇది చదివినవాళ్ళను అడుగుతున్నాను. రేపు మీరు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు, పట్టేసిన మోకాళ్ళతో ఎండలో మా కొప్పు ఎక్కిన ఆ వడ్రంగి తాతను ఒక్కసారి తలుచుకోండి.